ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం కూలదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

టేకాఫ్ అయిన కొద్దిసేపటికే ఏదైనా చిన్న విమానం కూలిపోతే, 'ఇంజిన్ వైఫల్యమే కారణం' అన్న ఒక్క మాటతో వార్త ముగిసిపోతోంది. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ ఇంజిన్ ఆగిన తర్వాత విమానం నేలను తాకేలోపు ఏం జరిగిందో అది చెప్పదు. ప్రాణాలు దక్కుతాయా, పోతాయా అన్నది చాలావరకు తేలేది ఆ కొద్ది క్షణాల్లోనే.

సెస్నా 172 వంటి ఒంటి ఇంజిన్ విమానం శక్తి కోల్పోయినా, గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగం నిలుపుకుంటే, గాలి లేనప్పుడు 1,000 అడుగుల ఎత్తు నుంచి రెండున్నర కిలోమీటర్లకు పైగా జారుతూ వెళ్లగలదు. టేకాఫ్ అయిన వెంటనే అంత ఎత్తు చేతిలో ఉండదు. పైగా ముక్కు పైకెత్తి ఎక్కుతున్న విమానం ఇంజిన్ ఆగగానే వేగాన్ని కోల్పోతుంది గనుక, నేల అంత దగ్గరలో ఉన్నా పైలట్ వెంటనే ముక్కును కిందికి దించాలి. భయపడిన మనిషి చేయి అందుకు సరిగ్గా వ్యతిరేకమైన పని చేయబోతుంది.

వెనక్కి తిరిగి రన్‌వే చేరుకోవాలన్న ఆశ ఇంకా ప్రమాదకరం. 180 డిగ్రీలు తిరిగితే విమానం రన్‌వేకు పక్కగా ఉంటుందే తప్ప దానికి ఎదురుగా రాదు. ఇంకొంత తిరిగి, మళ్లీ సరిచేసుకోవాలి. ఎత్తు కరిగిపోతోందని మలుపును బిగిస్తే, స్టాల్ అయ్యే వేగం, అంటే ఏ వేగం కన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవో ఆ వేగం, పెరుగుతుంది: విమానం పక్కకు 45 డిగ్రీలు ఒరిగితే సుమారు 19 శాతం, 60 డిగ్రీలు ఒరిగితే 41 శాతం. గాలికి ఎదురుగా ఎగిరిన విమానం తిరిగేటప్పటికి గాలి వెనకనుంచి తోస్తుంది, నేల వేగంగా పరుగెడుతున్నట్టు కనిపిస్తుంది, వేగం ఎక్కువగానే ఉందని భ్రమపడిన పైలట్ ముక్కును పైకి లాగుతాడు. అక్కడ రెక్కల మీది గాలి ప్రవాహం చెదిరి విమానం గింగిరాలు తిరుగుతూ పడితే, తేరుకునే ఎత్తు ఉండదు. ఎదురుగా ఉన్న పొలంలోనో మైదానంలోనో అదుపు తప్పకుండా దిగితే విమానం దెబ్బతిన్నా మనుషులు బతికే అవకాశం చాలా ఎక్కువ.

ఇంజిన్ ఎందుకు ఆగిందన్నదీ ముఖ్యమే. ఇంధనంలో నీరు, ఖాళీ ట్యాంకు వైపు ఉండిపోయిన ఇంధన మీట, తేమ ఎక్కువైతే 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో కూడా ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో పేరుకునే మంచు, వీటిలో చాలావాటిని ఎగరడానికి ముందే కనిపెట్టవచ్చు. ఎంత ఎత్తు కన్నా కింద వెనక్కి తిరగకూడదో కూడా పైలట్ రన్‌వే మీద ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. శిక్షకులు సురక్షితమైన ఎత్తులో మలుపు తిప్పించి, ఎంత ఎత్తు పోతుందో విద్యార్థి చేతనే కొలిపించాలి.

కాబట్టి ఇటువంటి వార్తల్లో విమానం ఎంత ఎత్తులో ఉంది, నేరుగా దిగిందా, తిరగబోయిందా అన్న వివరాలు తెలిసినంత మేరకైనా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అవి తొలిరోజు తేలకపోవచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం తుది నివేదిక వీలైతే 12 నెలల్లోపు వెలువడాలి, విచారణ ఉద్దేశం నింద మోపడం కాక ప్రమాదం పునరావృతం కాకుండా చూడటం. ఆ నివేదిక వచ్చిన రోజున దాని సారాంశానికి, మొదటి వార్తకు ఇచ్చినంత చోటు కేటాయించగలరని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు