పక్క శాస్త్రం సంగతి ఎవరు చెప్పాలి?

సంపాదకుడు గారికి,

అయ్యా,

జ్ఞానం శాఖోపశాఖలుగా చీలేకొద్దీ నిపుణులు ఒకరికొకరు అపరిచితులైపోతున్నారన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ముప్పై ఏళ్లకు పైగా గ్రంథాలయంలో శాస్త్ర గ్రంథాల వర్గీకరణ చూసినవాడిగా ఆ మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఎడం పెరిగిందన్నది నిజం. అయితే ఆ నేరాన్ని లోతుగా చదివేవారి మీద మోపడం న్యాయం కాదు. ఒకచోట తేలిన విషయాన్ని ఇంకొకచోటికి మోసుకుపోయే పనికి విద్యాసంస్థల్లో ఎవరినీ నియమించకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం.

1994లో మధుమేహ వైద్యానికి సంబంధించిన ఒక పేరున్న పత్రికలో, గ్లూకోజు హెచ్చుతగ్గులను చూపే వక్రరేఖ కింది వైశాల్యాన్ని కనుక్కొనే కొత్త పద్ధతి అంటూ ఒక వ్యాసం వచ్చింది. రేఖ కింది భాగాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వాటి వైశాల్యాలను కూడడమే ఆ పద్ధతి. సమాకలన గణితం మొదలుపెట్టిన విద్యార్థికి కూడా తెలిసిన ట్రెపీజియం సూత్రమే అది. బాబిలోనియా ఖగోళజ్ఞులు క్రీస్తుపూర్వమే గురుగ్రహ గమనాన్ని ఇలా లెక్కగట్టినట్లు మట్టిపలకలు చెబుతున్నాయి. అచ్చయ్యాక అభ్యంతరాలు వచ్చాయి, నవ్వినవారూ ఉన్నారు, అయినా ఆ వ్యాసాన్ని వందలసార్లు ఉదహరించారు. అచ్చుకు ముందు దాన్ని ఒక్క లెక్కల మాస్టారికి చూపించి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది కదా!

పుస్తకాల అరలు కూడా ఇందులో నిర్దోషులు కావు. ఒక ఆకృతి గుండా పోయే రేఖల వెంబడి లెక్కించిన మొత్తాలు తెలిస్తే ఆ ఆకృతిని తిరిగి రాబట్టవచ్చని గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే నిరూపించారు. సీటీ స్కాన్‌కు ఆధారమైన ఆ సమస్యనే 1963లో భౌతికశాస్త్రవేత్త అలన్ కోర్మాక్ తనంతట తానుగా విప్పుకున్నారు. రాడాన్ వ్యాసం గణితం అరలో, కోర్మాక్ వ్యాసం భౌతికశాస్త్రం అరలో ఉన్నాయి. మొదటిది ఉన్న సంగతి రెండో ఆయనకు ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు.

ఇక నా వృత్తికి దగ్గరగా ఉన్న ఉదాహరణ డాన్ స్వాన్సన్ అనే సమాచార శాస్త్రవేత్తది. ఆయన ప్రయోగశాలలో అడుగుపెట్టకుండా, అచ్చయిన వ్యాసాలనే చదువుకుంటూ పోయారు. చేపనూనె రక్తపు చిక్కదనాన్ని తగ్గిస్తుందని ఒక వర్గం వ్యాసాలు చెబుతున్నాయి. చలికి వేళ్లు తెల్లబారిపోయే రేనాడ్ జబ్బు ఉన్నవారిలో రక్తం చిక్కగా ఉంటుందని మరో వర్గం చెబుతోంది. ఈ రెండు వర్గాలూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, చేపనూనె ఆ రోగులకు పనికిరావచ్చునని ఆయన 1986లో రాశారు. తర్వాత 1989లో వెలువడిన ఒక వైద్య పరీక్షలో కొందరు రోగులకు మేలు కనిపించింది కూడా. కొత్త కొలత ఒక్కటీ చేయకుండానే కొత్త విషయం బయటపడింది.

మాటలు కూడా అడ్డుపడతాయి. వెక్టర్ అంటే గణితవేత్తకు పరిమాణంతో పాటు దిశ ఉన్న రాశి, మలేరియా వైద్యుడికి దోమ. కానీ ఇది దాటలేని అడ్డంకి కాదు. 1925లో భౌతికశాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ వింత గుణకార నియమం ఒకటి కనిపెట్టి, అదేమిటో తనకే అంతుపట్టక తికమకపడితే, విద్యార్థి దశలో మాత్రికలు (అంకెలను అడ్డు, నిలువు వరుసల్లో పేర్చిన పట్టికలు) చదివిన సహ శాస్త్రవేత్త మాక్స్ బార్న్ అది మాత్రికల గుణకారమేనని గుర్తుపట్టారు. హైజెన్‌బర్గ్ ప్రత్యేక నైపుణ్యాన్ని వదులుకోనక్కర్లేకపోయింది. గుర్తుపట్టగల మనిషి ఆయన వ్యాసాన్ని చదవడమే సరిపోయింది.

కాబట్టి నిపుణులందరూ అన్నీ చదవాలని కోరడం వృథా. పరిశోధన పత్రికలు తమ సమీక్షకుల్లో ఒకరినైనా వేరే శాఖ నుంచి తీసుకోవాలి. రెండు శాఖల సాహిత్యాన్ని కలిపి చదివి రాసిన సమీక్షా వ్యాసాన్ని విశ్వవిద్యాలయాలు పదోన్నతి వేళ సొంత పరిశోధనతో సమానంగా లెక్కించాలి. మీ విజ్ఞాన పేజీకి వచ్చే వ్యాసాలను కూడా అచ్చుకు ముందు ఆ శాస్త్రంతో సంబంధం లేని ఒకరి చేత చదివించమని మనవి. అటువంటి పాఠకుడు దొరకకపోతే, పదవీ విరమణ చేసిన నాకు తీరికకు కొదవ లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు