డమ్మీ తూటా చూడగానే డమ్మీ అని తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో షూటింగ్ సాధన గురించి వచ్చిన వ్యాసం చదివాను. అసలు తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి చేసే డ్రై ఫైర్ సాధన కోసం ఇంట్లోనే డమ్మీ తూటాలు తయారు చేసుకోవచ్చని వ్యాసకర్త రాశారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. పదిహేనేళ్లుగా సాధన చేస్తూ, కొత్తవాళ్లకు నేర్పుతూ ఉన్న నేను కూడా అలాంటివే వాడుతున్నాను. అయితే తూటాలోంచి మందు తీసేస్తే చాలు, అది డమ్మీ అయిపోతుందని ఒక్క వాక్యంలో తేల్చేయడం ప్రమాదకరం కాబట్టి ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

తూటా అడుగున ఉండే ప్రైమర్ దానంతట అదే పేలుడు పదార్థం. ట్రిగ్గర్ నొక్కగానే వచ్చి కొట్టే ఫైరింగ్ పిన్ దెబ్బ తగిలితే, కేస్‌లో, అంటే గుండునూ మందునూ పట్టి ఉంచే లోహపు గొట్టంలో, చిటికెడు మందు లేకపోయినా, అది పేలి ముందున్న గుండును తుపాకీ గొట్టమైన బ్యారెల్‌లోకి నెట్టగలదు. నటుడు బ్రాండన్ లీ 1993 మార్చి 31న మరణించడం వెనుక ఉన్నది ఈ పొరపాటే. చిత్రీకరణ కోసం అసలు తూటాల్లోంచి మందు తీసి, ప్రైమర్లను మాత్రం అలాగే వదిలేసి డమ్మీలు చేశారు. వాటిలో ఒకదాని ప్రైమర్ పేలి గుండు రివాల్వర్ బ్యారెల్‌లో ఇరుక్కుంది. అది ఎవరి కంటా పడలేదు. తరువాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ పెట్టి కాల్చినప్పుడు దాని మందు బలానికి ఇరుక్కున్న గుండు బయటికి దూసుకొచ్చింది. బ్లాంక్‌లో మందు ఉంటుంది, గుండు ఉండదు. డమ్మీలో గుండు ఉంటుంది, మందు ఉండదు. ఈ రెండింటినీ కలగలిపి రాసే అలవాటు పత్రికలకు ఇంకా పోలేదని ఈ సందర్భంగా చెప్పక తప్పదు.

కాబట్టి ఇంట్లో చేసే డమ్మీకి నిండు తూటా ముడిసరుకు కాకూడదు. కాల్చగా మిగిలిన ఖాళీ కేస్‌తోనే మొదలుపెట్టాలి. కొన్ని దేశాల చట్టాలు తూటా విడిభాగాలను కూడా తూటాల కిందే లెక్కిస్తాయి గనుక ఆ సంగతి ముందు తెలుసుకోవాలి. పేలిపోయిన పాత ప్రైమర్‌ను అందుకు తగిన పనిముట్టుతో తీసేసి, కేస్‌ను తిరిగి కొలతకు తెచ్చి, పక్క గోడల్లో ఈ వైపు నుంచి ఆ వైపుకి కనిపించేలా రంధ్రం వేసి, ఆ తరువాతే గుండు బిగించాలి. ప్రైమర్ తీసిన గుంటలో సిలికాన్ నింపి ఒక రోజంతా ఆరనిస్తే ఫైరింగ్ పిన్‌కు మెత్తటి దిండులా పనిచేస్తుంది. గట్టిపడే జిగురు పోస్తే ఆ మెత్తదనమే ఉండదు. సిలికాన్ కూడా దెబ్బలు తిని తిని గుంట పడుతుంది, అప్పుడు మార్చుకోవాలి. తుపాకీలో తూటా కూర్చునే గదిని ఛాంబర్ అంటారు; పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కించడం వల్ల గుండు కేస్‌లోకి కుంగి పొడవు తగ్గిన డమ్మీని పక్కన పడేయాలి.

వ్యాసంలో పూర్తిగా వదిలేసిన విషయం ఆ రంధ్రమే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. మొదట్లో నేను రంధ్రం వేయకుండా గుండు కొనకు ఎర్ర మార్కర్ పూసి సరిపెట్టుకున్నాను. రెండు నెలలు గడిచాక, ఒకరోజు షూటింగ్ సాధన చేసే రేంజ్ నుంచి వచ్చి కోటు జేబు తడిమితే ఒక తూటా చేతికి తగిలింది. దీపం దగ్గర పెట్టి చూస్తే గుండు మీద ఒక సన్నని గీతలో మాత్రం ఎరుపు మిగిలినట్టు అనిపించింది. కాదు, తుప్పు మరకేమో అని మరుక్షణమే అనిపించింది. చేత్తో బరువు చూసి తేల్చుకుందామన్నా కుదరదు: 9 మిల్లీమీటర్ల తూటా మొత్తం సుమారు 12 గ్రాములుంటే, అందులో మందు గ్రాములో మూడో వంతుకు అటూఇటూగా ఉంటుంది. దాన్ని అసలు తూటాగానే భావించి విడిగా డబ్బాలో పెట్టి మర్నాడు రేంజ్‌లో అప్పగించాను. విప్పి చూస్తే మందు లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మిగిలిన వాటన్నిటికీ ఆ వారమే రంధ్రాలు వేశాను. రంగు చెరిగిపోతుంది, రంధ్రం చెరగదు. చీకట్లోనైనా గోరు ఆ అంచుకు తగులుతుంది.

నేర్పరులైన సిబ్బంది ఉన్నచోట కూడా ఈ కలగాపులగం జరుగుతుంది. 2021 అక్టోబరు 21న అమెరికాలోని న్యూమెక్సికోలో చిత్రీకరణ స్థలంలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయినప్పుడు, డమ్మీ అనుకున్న తూటాల మధ్య అసలు తూటాలు కలిసి ఉన్నాయి.

.22 రకం రిమ్‌ఫైర్ తూటాల గురించి వ్యాసకర్త ప్రస్తావించనే లేదు. వాటిలో పేలుడు పదార్థం అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. దాన్ని తీయడానికి వీలుండదు. కనుక అసలు రిమ్‌ఫైర్ తూటాను డమ్మీగా మార్చే ప్రయత్నమే చేయకూడదు. అలాగని ఖాళీ ఛాంబర్‌తో ట్రిగ్గర్ నొక్కితే చాలా రిమ్‌ఫైర్ తుపాకుల్లో ఫైరింగ్ పిన్ నేరుగా ఛాంబర్ అంచును కొట్టి దెబ్బతీస్తుంది. గోడకు స్క్రూ బిగించేటప్పుడు వాడే ప్లాస్టిక్ ప్లగ్గుల్లో సరైన సైజువి ఛాంబర్‌లో డమ్మీకి బదులుగా పెట్టడానికి చక్కగా పనికొస్తాయి. వాటిని చూసి అసలు తూటా అని భ్రమపడేవారు ఉండరు, అదే వాటిలోని పెద్ద సుగుణం.

ఎంత మంచి డమ్మీ ఉన్నా సాధన చేసే గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. మొదలుపెట్టే ముందు ఛాంబర్‌ను కంటితో చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోవాలి. కాల్చేటప్పుడు ఉలికిపడే అలవాటు పోగొట్టడానికి తుపాకీకి తూటాలు అందించే మ్యాగజైన్‌లో డమ్మీలనూ అసలు తూటాలనూ కావాలనే కలిపి పెట్టే అభ్యాసం ఒకటి ఉంది. అది రేంజ్‌లో, శిక్షకుడి సమక్షంలో చేయవలసిందే తప్ప ఇంట్లో చేసేది కాదు.

ప్రైమర్ ఉన్న తూటా డమ్మీ కాదన్న సంగతి, రిమ్‌ఫైర్ తూటాలను ముట్టుకోవద్దన్న సంగతి, ఈ రెండు సవరణలనైనా వచ్చే ఆదివారం అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ వ్యాసాన్ని కత్తిరించి దాచుకున్నవారు నా శిష్యుల్లోనే ఇద్దరున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు