మంత్రిగారూ, పొద్దుగూకేక అంటే పొద్దున్న కాదు

ఒడిశా రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. పోలీసు స్టేషన్లో తెలుగులో చెప్పిన మాటని ఒడియాలో తప్పుగా రాసుకోవడం గురించి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటిది రిజిస్టర్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది, జవాబు రాలేదు. తరవాతి రెండూ కలెక్టరాఫీసు గ్రీవెన్సులో లైన్లో నిలబడి నా చేత్తో ఇచ్చాను. అక్కడ ఒక గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి "ఒడియాలో రాసి తీసుకురండి" అన్నాడు. దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది కదండీ అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూసి ఫ్యాను స్పీడు పెంచుకున్నాడు. అందుకే ఈసారి అందరూ చదివేలా తెలుగులోనే రాస్తున్నాను, మీకెవరైనా చదివి చెప్తారులే.

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గర్లో పల్లెటూరు. ఏ స్టేషనో, ఎవరో రాయను, ఒక్కరి మీద కోపంతో రాస్తున్నది కాదిది. 2024 నవంబరులో కోతల రోజుల్లో పొలం గట్టు దగ్గర గొడవై, పక్క పొలం ఆయన మా నాన్నని పార కర్రతో కొట్టాడు. కనుబొమ్మ చిట్లిపోయింది. నేను విశాఖలో పనిలో ఉన్నాను. చూసింది మా ఆవిడ, మా అమ్మ. నాన్నకి గుడ్డ కట్టి, ఆటో మాట్లాడుకుని, ఆస్పత్రికీ తరవాత స్టేషన్‌కీ తిరిగింది మా ఆవిడే. తను పాతపట్నం వైపు పిల్ల, ఒడియా సంతలో బేరమాడేంత వచ్చు, అంతే. ఆ రాత్రి తను చెప్పిన మాట ఇది: "పొద్దుగూకేక మావయ్య గట్టు మీద ఉంటే వచ్చి కొట్టేడు." పొద్దుగూకేక అంటే మా వైపు సూర్యుడు అస్తమించాక అని.

ఎఫ్‌ఐఆర్ రాసుకున్న కానిస్టేబుల్‌కి తెలుగు కొంచెం వచ్చు. ఆ కొంచెమే మా కొంప ముంచింది. "పొద్దు" అని వినబడింది, ఉదయం అని రాసేశాడు. "మావయ్య" అని వినబడింది, మామూ అని రాశాడు. ఒడియాలో మామూ అంటే మేనమామ, మామగారు కాదు. రాసినది గబగబా ఒడియాలో చదివాడు, మా ఆవిడ తల ఊపింది, తెలుగులో సంతకం పెట్టింది. కాపీ మాత్రం ఉచితంగానే ఇచ్చారు, ఉన్నమాట చెప్పాలి కదా. రెండు రోజుల తరవాత వాంగ్మూలం అని పిలిచి దాని మీద కూడా సంతకం పెట్టించుకున్నారు. పోలీసులకిచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని కొత్త చట్టం, అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 181వ సెక్షనే చెబుతోంది, పాత సీఆర్‌పీసీలో 162 కూడా అదే చెప్పేది. అది వదిలేయండి, అసలు బాధ అది కాదు.

కోర్టులో బోనెక్కాక అవతలి లాయరు మొదలుపెట్టాడు. ఎఫ్‌ఐఆర్‌లో ఉదయం అని ఉంది, ఆస్పత్రి కాగితంలో రాత్రి 7:40 అని ఉంది, ఈ మధ్య టైమంతా ఏం చేశారమ్మా, కూర్చుని కథ అల్లారా? ఇప్పుడేమో సాయంత్రం అంటున్నావు, ఏది నిజం? దెబ్బలు తగిలింది మేనమామకా, మామగారికా? మా ఆవిడ "నేను పొద్దుగూకేకే అన్నానండీ" అని మూడుసార్లు అంది. ఆ మాటని కోర్టులో ఒడియాలోకి చెప్పింది ఎవరనుకున్నారు, వేరే పని మీద వచ్చి కూర్చున్న ఒక కుర్ర లాయరు. పుణ్యాత్ముడు, ఆయన సరిగ్గానే చెప్పాడు. కానీ సంతకం తనదే కదా. ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం ముట్టలేదు. తను అబద్ధాలకోరని ఊరంతా అనుకుంటున్నారని టెన్షన్.

ఆ లాయర్ని నేను తప్పు పట్టను. ఎఫ్‌ఐఆర్ దానంతట అది సాక్ష్యం కాదు, ఇచ్చిన మనిషి మాటతో పోల్చి చూడ్డానికి పనికొస్తుంది, తేడా ఉంటే ఆ తేడా ముద్దాయికి లాభం. నేరం రుజువు చెయ్యాల్సింది ప్రభుత్వమే, అనుమానం మిగిలితే వదిలెయ్యాలి. మంచి పద్ధతే, రేపు ఆ బోనులో మావాడే నిలబడొచ్చు. కానీ ఇక్కడ అనుమానం పుట్టింది సాక్షి నోట్లోంచి కాదు, కానిస్టేబుల్ పెన్నులోంచి. కేసు నడుస్తోంది కాబట్టి తీర్పు గురించి ఇంకేం అనను.

మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. కోర్టులో సాక్షి చెప్పింది వేరే భాషలో రికార్డయితే, అది సాక్షికి అర్థమయ్యే భాషలో వినిపించాలని ఆ కొత్త చట్టంలోనే 313వ సెక్షన్‌లో స్పష్టంగా రాశారు. అదే చట్టం స్టేషన్ గుమ్మం దగ్గరికొచ్చేసరికి, ఎఫ్‌ఐఆర్ గురించి చెప్పే 173లో, "చదివి వినిపించాలి" అని ఊరుకుంది. ఏ భాషలో? గోడకి చదివినా చదివినట్టేనా? 2024 జూలై 1న కొత్త చట్టాలొచ్చాయని ఊరూరా బోర్డులు పెట్టారు, నూటయాభై ఏళ్ల నాటి తెల్లవాళ్ల సాక్ష్య చట్టం పోయిందన్నారు, సంతోషం. మా ఆవిడకి మాత్రం ఏ తేడా తెలియలేదు.

పోలీసులు మీ శాఖ కాదంటారేమో. సరే, ఆ శాఖవాళ్లు న్యాయశాఖని అడగమంటే నేనెక్కడికి పోను? నేను చట్టం మార్చమనట్లేదు. వాంగ్మూలం ఆడియో, వీడియో తియ్యొచ్చని 180లోనే ఉంది. సోదాలకి వీడియో తీస్తున్న ఫోన్లు స్టేషన్లలో ఉన్నాయి. ఫిర్యాదు చెప్పేటప్పుడు కూడా అదే ఫోన్ ఆన్ చేసి పెట్టమనండి, తెలుగు మాట తెలుగులోనే ఉంటుంది. సరిహద్దు స్టేషన్లలో తెలుగు చదవడం రాయడం వచ్చిన మనిషిని ఒక్కరిని పెట్టండి. మాకైనా నయం, కొండ మీద సవర గిరిజనులు వాళ్ల మాటలో చెప్పింది తెలుగులోకో ఒడియాలోకో ఒకసారి మారి, కాగితం మీదికి ఇంకోసారి మారుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్న పర్లాకిమిడి ఇదేనండీ, వందేళ్లు దాటింది. భాష పేరు మీద 1936 ఏప్రిల్ 1న పుట్టిన రాష్ట్రానికి, మాట అర్థం కాకపోతే మనిషికి ఎలా ఉంటుందో నేను చెప్పాలా?

దయచేసి ఈసారైనా "సంబంధిత శాఖకు పంపడమైనది" అని మాత్రం రాయించకండి. వచ్చే వాయిదాకి మా అమ్మ సాక్ష్యం ఉంది. ఆవిడ కూడా పొద్దుగూకేక అనే అంటుంది, ఆవిడకి వేరే మాట రాదు.

ఇట్లు,
గజపతి జిల్లా నుంచి ఒక రైతు కొడుకు