ఆ బస్తాల్లో మా ఇంటి బియ్యమూ ఉండేవి

సంపాదకులు గారికి నమస్కారం.

ఫలానా చోట రేషన్ బియ్యం పట్టుకున్నారని, లారీ సీజ్ చేశారని మీ పత్రికలో తరచూ చదువుతుంటాను. ఎవరు తరలిస్తున్నారు, ఎక్కడికి తీసుకెళ్తున్నారు అన్నీ రాస్తారు. ఆ బియ్యం ఎవరి ఇళ్ల నుంచి వచ్చాయో మాత్రం రాయరు. అది నేను రాస్తాను. రెండేళ్ల కిందటి దాకా అలాంటి బస్తాల్లో మా ఇంటి బియ్యం కూడా ఉండేవి.

మాది బొబ్బిలి దగ్గర, వేగవతి ఒడ్డున ఒక ఊరు. మా ఆయన తాపీ మేస్త్రి. మా అత్తగారు, కొడుకు, కోడలు, మనవరాలు, మేమిద్దరం కలిపి కార్డులో ఆరు పేర్లు. తలకు 5 కిలోల చొప్పున 30 కిలోలు ఉచితంగా వస్తాయి. డిపో నుంచి తెచ్చిన మర్నాడే ఒకాయన కాటా పట్టుకుని బండి మీద వీధిలోకి వచ్చేవాడు. కిలో 10 రూపాయలు. మా బియ్యానికి 300 ఇచ్చి పోయేవాడు. ఆ 300కి ఇంకో 2500 కలిపి 26 కిలోల సన్నబియ్యం బస్తాలు రెండు దించుకునేవాళ్లం. వీధిలో అందరిదీ అదే పద్ధతి. రేషన్ బియ్యం వండుకుంటున్నామని నలుగురిలో చెప్పుకోవడం నామోషీగా ఉండేది.

మా ఆయన నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకోవడంతో మూడు నెలలు పని లేదు. కొడుకు జీతం ఒక్కటే. అప్పుడు కోడలు రెండో కాన్పుకి ఐదో నెల. ఆ నెల కాటా ఆయన వస్తే బియ్యం లేవని పంపేశాను.

మొదటిరోజు అన్నం ముద్దయింది. మనవరాలు కంచం తోసేసింది. నాకు ఏడుపొచ్చింది. మా అత్తగారు అరుగు మీంచి లేచి వచ్చి గిన్నెలోకి చూసి, "కుక్కర్లో కుక్కేసి మూత బిగించేస్తే ముద్దవ్వక ఏటవుద్ది? గంజొంచి వండాల" అన్నారు. మర్నాడు ఆవిడే దగ్గర కూర్చుని చేయించారు. చేటలో చెరిగి, రెండుసార్లే కడిగి, అరగంట నానబెట్టి, ఎసరు కళపెళా మరిగాక పొయ్యాలి. మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కితే లోపల సన్నటి పలుకు ఇంకా తగులుతుండగానే దించి, మూత పెట్టి గంజి వార్చి, ఆ గిన్నెని వేడి పొయ్యి మీద ఐదు నిమిషాలు మగ్గనివ్వాలి. మెతుక్కి మెతుకు విడింది. గంజి పారబోయనివ్వలేదు. కొంత వేడిగా ఉప్పేసి మా ఆయనకిచ్చారు, మిగతాది కుండలో పోసి తరవాణి పెట్టారు. పొద్దున చద్దన్నంలోకి ఆ పుల్లటి తరవాణి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మనవలిద్దరికీ ఇప్పుడది అలవాటైపోయింది.

ఇంకో సంగతి ఉంది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. మా బియ్యంలో అక్కడక్కడా కొంచెం రంగు తేడాగా, మిగతావాటి కంటే నున్నగా ఉండే గింజలు కనిపించేవి. నీళ్లు పోస్తే పైకి తేలేవి. ప్లాస్టిక్ బియ్యం కలిపేస్తున్నారని ఊరంతా అనేది. మా కోడలు మధ్యాహ్నం పూట చేట ముందేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ ఏరేది. గుప్పెడయ్యాక కోళ్లకి వేసేసేది. అదే కోడలికి పరీక్ష చేస్తే రక్తం (హిమోగ్లోబిన్) 8.6 ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకి 11కి తగ్గకూడదట. మాత్రలు ఇవ్వడానికి వచ్చిన ఊరి నర్సు, ఏఎన్ఎమ్ అమ్మ ఆ చేట చూసి అక్కడే కూలబడింది. "అమ్మా, నేను మాత్రలో ఇస్తున్నదే నువ్వు ఏరి కోళ్లకేస్తున్నావు" అంది.

అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి మిషన్లో గింజల్లా అచ్చుతీస్తారు. మామూలు గింజలు వందకి ఇది ఒకటి, అంటే కిలోకి 10 గ్రాములు. నీళ్లలో తేలడం దాని గుణం. గంజి పారబోస్తే ఆ బలం కొంత గంజితోనే పోతుంది కాబట్టి మా అత్తగారు చెప్పినట్టు దాన్ని తాగేయడమో తరవాణి వేసుకోవడమో చెయ్యాలి. కోడలికి తర్వాత రక్తం పెరిగింది. మాత్రలు మానకుండా వేసుకుంది, ఆకుకూర, గుడ్డు తింది. బియ్యం ఒక్కటే పెంచిందని నేను అబద్ధమాడను. కానీ చేతిదాకా వచ్చినదాన్ని ఏరి పారేసుకున్న రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక డబ్బు సంగతి. ఇప్పుడు రేషన్ 30 కిలోలు, చోళ్లు (రాగులు) 8 కిలోలు, బయట బియ్యం ఒక పది కిలోలు, వీటితో నెల గడుస్తోంది. లెక్కేస్తే అప్పటికంటే 1600 పైనే మిగులుతోంది. ఆ డబ్బు దాచలేదు, కంచంలోకే తెచ్చాను. రెండు కిలోల కందిపప్పు, కిలో ఉలవలు, కిలో వేరుశనగ గుళ్లు, రెండు అట్టల గుడ్లు, మిగిలింది కూరలకి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు కోడలు ఫోన్లో చదివి వినిపించింది. మామూలు మనిషికి రోజుకి ధాన్యాలు 250 గ్రాములు చాలట, కూరలు 400 గ్రాములు కావాలట. మా ఇళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. కంచం నిండా అన్నం, ఓ మూల కూర. కాయకష్టం చేసే మా ఆయనకి 250 గ్రాములు సరిపోవు, అది నాకూ తెలుసు. కానీ తలకి 5 కిలోలంటే రోజుకి 166 గ్రాములు. తినవలసిన ధాన్యంలో మూడింట రెండొంతులు ఇంటికే వస్తుంటే దాన్ని పదికి అమ్మి యాభైకి కొనడం ఏం లెక్క?

ఉలవల గురించి చెప్పకుండా ఉండలేను. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికిస్తే ఒక్క పొయ్యి మీద రెండు పూటలు గడుస్తాయి. కట్టు వంచి చింతపండు, చిన్న బెల్లం ముక్క వేసి చారు కాస్తాను. ఉడికిన ఉలవలు సాయంత్రం పోపు వేస్తే గుగ్గిళ్లు. పప్పూ బియ్యం ముందే నానబెట్టడం మొదలుపెట్టాక 35 రోజులొచ్చే గ్యాస్ బండ 45 రోజులు వస్తోంది. బియ్యం కడుగు ఆనపపాదుకి పోస్తాను, ఆనపకాయ చెక్కు పచ్చడి చేస్తాను. ఇవన్నీ మీ పాఠకులకి తెలిసినవే.

చోళ్లు ఒకప్పుడు మా వైపు మెట్టల నిండా ఉండేవి. వానకే పండుతాయి, వరికిలా మడినిండా నీళ్లక్కర్లేదు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటే బియ్యంలో పదికి మించదు. విజయనగరం పరిశోధన కేంద్రం వాళ్లు తెచ్చిన ఒక చోడి రకానికి మా ఏటి పేరే, వేగవతి అని పెట్టారు. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్న దగ్గర్నుంచి బొబ్బిలి షాపుల్లో అరకిలో పిండి రంగు ప్యాకెట్లో పెట్టి అమ్ముతున్నారు. ఆ ధర చూసి ఆరోగ్యం డబ్బున్నవాళ్లదే అనుకోకండి. సంతలో గింజలు కొని మరాడించుకుంటే ఆ ప్యాకెట్ కంటే చాలా తక్కువలో అయిపోతుంది. రాత్రి పిండి కలిపి పులవబెట్టి, పొద్దున నూకల జావ ఉడుకుతుండగా పోసి ఉండ కట్టకుండా తిప్పితే అంబలి. ఆరాక మజ్జిగ కలిపి ఇస్తే మా ఆయన మధ్యాహ్నం దాకా ఆకలనరు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్లు మాత్రం పప్పైనా ఆకుకూరైనా డాక్టరు చెప్పిన కొలతే తినాలి, నా మాట వాళ్లకి కాదు.

తప్పంతా మాదే అని కూడా నేననను. ఒక్కో నెల బస్తా విప్పితే ముక్కిపోయిన వాసన. అడిగితే ఇష్టమైతే తీసుకో అంటారు. అలాంటి బస్తా అక్కడికక్కడే మార్చి ఇవ్వాలి. బియ్యంలో కొంత తగ్గించి ఆ బదులు చోళ్లు, కందిపప్పు ప్రతినెలా తప్పకుండా మా డిపోలో ఇస్తే కాటా ఆయనకి మా వీధిలో పని ఉండదు.

మిమ్మల్ని కోరేది ఒకటే. ఈసారి బియ్యం పట్టివేత వార్త వేసినప్పుడు, ఆ తేలే గింజలేమిటో పక్కనే ఫొటోతో పెద్ద అక్షరాల్లో వెయ్యండి. మా వీధిలో ఇంకా నాలుగిళ్లలో వాటిని ఏరి పారేస్తున్నారు. అందులో ఒకింట్లో కోడలికి ఏడో నెల. నేను నోటితో చెప్తే నమ్మడం లేదు, పేపరు పట్టుకెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
ఒక మేస్త్రి ఇల్లాలు,
బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా