పామీర్ కొండల్లో మా నాన్నని కిందికి దించినవాళ్లకి

ఈ పోస్టు రెండు వారాలుగా రాద్దామనుకుంటున్నాను. తజికిస్తాన్ నుంచి క్షేమంగా వచ్చారా అని చాలామంది అడిగారు, వచ్చాం. కానీ ఎలా వచ్చామో చెప్పకుండా ఫోటోలు పెట్టేస్తే అది మోసమే అనిపించి ఆగాను.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మారేడుమిల్లి ఘాట్ ఆయనకి ఇంటి ముందు సందులాంటిది. ఫోన్లో ఎవరో తజికిస్తాన్‌లోని పామీర్ హైవే వీడియో చూపిస్తే, "అమ్మా, ఈ రోడ్డు ఒక్కసారి చూడాలే" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ప్లాన్ అంతా నేనే వేశాను, తప్పు కూడా నేనే చేశాను.

ఎం41 అని పిలిచే ఈ రోడ్డు సోవియట్ల కాలంలో వేసింది. రాజధాని దుషాన్బే నుంచి కొండల్లోని ఖోరోగ్ పట్టణం దాకా బాగానే వెళ్లాం. చాలా దూరం పంజ్ నది పక్కనే ప్రయాణం, నదికి అవతల ఆఫ్ఘనిస్తాన్, అక్కడ కొండ అంచున గాడిద మీద వెళ్లే మనిషి కూడా కనిపిస్తాడు. చెక్‌పోస్టులో బదఖ్షాన్ పర్మిట్ (ఆ కొండ ప్రాంతంలోకి వెళ్లడానికి తీసుకున్న అనుమతి) చూసే కుర్రాడు మా పాస్‌పోర్టులు తిప్పి "హిందుస్తాన్? మిథున్ చక్రవర్తి!" అని నవ్వాడు. నాన్న ముందు సీట్లో కూర్చుని మా బండి డ్రైవర్ ఎక్కడ గేరు మార్చినా ఏదో ఒక వ్యాఖ్యానం చేస్తూనే ఉన్నారు. ఆయనది తెలుగు, డ్రైవర్‌ది తజిక్, ఇద్దరికీ కలిపి ఓ ఇరవై హిందీ ముక్కలు. క్లచ్ గురించి మాట్లాడుకోవడానికి అవి చాలు.

ఖోరోగ్ సుమారు 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి వఖాన్ లోయ మీదుగా వెళ్తే లంగర్ అనే ఊరు వస్తుంది, సుమారు 2,800. రాత్రి అక్కడ ఆగుదామని డ్రైవర్ రెండుసార్లు చెప్పాడు. ఒక రోజు మిగులుతుందని నేనే వద్దన్నాను. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలంటే 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటికంటే 500 మీటర్లకి మించి పైన పడుకోవద్దని వెళ్లేముందు చదివాను కూడా. చదివి ఏం లాభం! తెల్లవారుజామున బయల్దేరి, 4,344 మీటర్ల ఖర్గుష్ కనుమ దాటి, చీకటి పడ్డాక బులున్‌కుల్ అనే పల్లె చేరాం. అది సుమారు 3,700. అంటే ఒక్క రోజులో 1,600 మీటర్లు పైకి తెచ్చి అరవై దాటిన మనిషిని పడుకోమన్నాను.

సంగతి ముందు పట్టుకున్నది నేను కాదు, డ్రైవరే. కనుమ దాటాక ఈయన రోడ్డు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదని చెప్పాడు. అది విన్నాక నాకు గుండె జారింది. నాన్నని అడిగితే "నాకేం కాలేదు, కాస్త తలనొప్పి" అన్నారు. పది నిమిషాలకే వాంతి. మేం దిగిన ఇంట్లోనే ఒక సైకిల్ జంట ఉన్నారు, అందులో ఆవిడ నర్సు. ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించుకుంటూ గీత మీద నడిచినట్టు నాన్నని నడవమంది. ఈ చేతులతో ముప్పై ఏళ్లు బస్సు తిన్నగా నడిపిన మనిషి నాలుగడుగులు తిన్నగా వేయలేకపోయారు. ఎత్తు పడక మెదడులో వాపు మొదలైతే ఇలా తూలుతారట. తన మందుల సంచిలోంచి ఆ వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఇచ్చి, "ఈ మాత్ర కొంత టైము ఇస్తుంది అంతే, పొద్దున దాకా ఆగొద్దు, ఇప్పుడే దిగండి" అంది.

దిగడం అంటే అక్కడ ఒక తిరకాసు ఉంది. ఖోరోగ్‌కి వెళ్లాలంటే 4,272 మీటర్ల కోయ్‌తెజెక్ కనుమ ఎక్కే దిగాలి. ముందు ఇంకా పైకి వెళ్లాలా అని ఏడ్చేశాను. డ్రైవర్ మాత్రం అప్పటికే టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. పొద్దుటి నుంచి స్టీరింగ్ మీదున్న మనిషి, ఓ కప్పు షీర్ చాయ్ తాగి (పాలు, వెన్న, ఉప్పు వేసిన టీ, నాకు నచ్చలేదు కానీ ఆ రాత్రి నేనూ తాగాను) మళ్లీ ఎక్కాడు. బులున్‌కుల్ నుంచి హైవే దాకా మట్టిదారి, రాత్రిపూట ఏది దారో ఏది గడ్డి మైదానమో తెలీదు. ఇంటి పెద్దాయన తన మోటార్‌సైకిల్ మీద ముందు వెళ్లి దారి చూపించి, హైవే ఎక్కించి, చలిలో ఒక్కడే వెనక్కి వెళ్లాడు. ఇంటావిడ దుప్పటి కప్పి పంపించింది, అది ఇప్పటికీ మా దగ్గరే ఉంది. కనుమ అవతల రోడ్డు కొట్టుకుపోయిన చోట ఎదురొచ్చిన లారీవాళ్లు మా హజార్డ్ లైట్లు చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి తీసి దారిచ్చారు.

తెల్లవారకముందే ఖోరోగ్ దగ్గరపడ్డాం. సిగ్నల్ రాగానే నేను ఫోన్ చేసింది దుషాన్బేలో మెడిసిన్ చదివే ఒక తెలుగు అబ్బాయికి. బజారులో తెలుగు వినబడి పలకరించి నంబర్ తీసుకున్నాం, పరిచయం అంతే. నిద్రలోంచి లేచి, "అక్కా, ఫోన్ స్పీకర్లో పెట్టి డాక్టర్‌కి ఇవ్వండి, నేను చెప్తాను" అన్నాడు. ఖోరోగ్ ఆసుపత్రిలో డాక్టర్‌కి, నాన్న వేసుకునే బీపీ మాత్రల పేర్ల దగ్గర నుంచి అన్నీ రష్యన్‌లో చెప్పి, డాక్టర్ అన్నవి తెలుగులో నాకు చెప్పాడు. మధ్యలో "అంకుల్, భయపడకండి" అంటే నాన్న ఆక్సిజన్ మాస్కులోంచే "నేనెక్కడ భయపడ్డాను" అన్నారు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

డ్రైవర్‌కి అదనంగా డబ్బులివ్వబోతే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "మెహ్‌మాన్" (అతిథి) అని తల అడ్డంగా ఊపాడు. నాకు తెలిసిన ఒకే మాట రహ్మత్ (థాంక్స్), అది ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. లంగర్‌లో ఆగమన్నప్పుడు మీ మాట విననందుకు క్షమించమని కూడా అనాలి, దానికి మాట నాకు రాదు. అందుకే ఈ పోస్టు ఆ అబ్బాయికి పంపాను, పరీక్షలు అయ్యాక తజిక్‌లో చదివి వినిపిస్తానన్నాడు. వద్దన్నారు కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు.

నాన్న ఇప్పుడు బాగున్నారు. అప్పట్లో తన ఆఖరి డ్యూటీ రోజు దండ వేసుకుని బస్సు ముందు దిగిన పాత ఫోటో నిన్న ఆ డ్రైవర్‌కి పంపించారు. తిరిగి మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, చివర్లో ఇంజన్ చప్పుడు వినిపించింది. "ఎక్కుతున్నాడు, రెండో గేరు" అన్నారు నాన్న.