వడ్లూరు అల్లుడు సరే, స్ప్రింగ్‌ఫీల్డ్ మాటేమిటి?

సంపాదకులు గారికి,

అమెరికా ఎన్నికల ప్రచారం చూసి మన నాయకులు బుద్ధి తెచ్చుకోవాలంటూ మీ సంపాదకీయ పేజీలో వచ్చిన వ్యాసం చదివి, పోనీలే అని ఊరుకున్నాను. తర్వాత అదే పత్రిక మొదటి పేజీలో వడ్లూరు సంబరాల ఫొటోలు, పైన ‘మన అల్లుడు’ అన్న శీర్షిక చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు. మాదీ తణుకు పక్కనే. వడ్లూరు మా ఊరికి కూతవేటు దూరం. ఆ ఊరి మూలాలున్న అమ్మాయి ఉష అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ గారి భార్య అంటే నాకూ సంతోషమే. నా గొడవ ఆవిడతో కాదు.

వ్యాసకర్త గారు చెప్పేదేమిటంటే, మన దగ్గర బూతులు, కులాల లెక్కలు, వ్యక్తిగత దూషణలు. అక్కడ మాత్రం ఇద్దరు అభ్యర్థులూ ఎదురెదురుగా నిలబడి విధానాల మీద హుందాగా వాదించుకుంటారట. హుందాగా! ఆయన ఏ ఏడాది చర్చ చూసి రాశారో గానీ, 2024 సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్, కమలా హారిస్ మధ్య జరిగింది మాత్రం చూసి ఉండరు.

ఆ రాత్రి దాదాపు 6.7 కోట్ల మంది టీవీల ముందు కూర్చుని ఉండగా, ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలసవచ్చినవాళ్లు కుక్కల్ని తింటున్నారు, పిల్లుల్ని తింటున్నారు అని ట్రంప్ గారు సెలవిచ్చారు. నేనుండేది ఒహాయోలోనే. స్ప్రింగ్‌ఫీల్డ్ మాకు గంటలోపు దారి. 60 వేల లోపు జనాభా. ఫ్యాక్టరీలు మూతపడి, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయిన ఊరు. అక్కడ మళ్లీ పనులు మొదలయ్యాక నాలుగైదేళ్లలో కరీబియన్ దేశం హైతీ నుంచి 15 వేల దాకా జనం వచ్చి చేరారు, ఎక్కువమంది చట్టప్రకారమే. ఆసుపత్రుల్లో రద్దీ పెరిగింది, అద్దెలు పెరిగాయి. 2023 ఆగస్టులో ఒక హైతీ డ్రైవర్ నడుపుతున్న వ్యాన్ స్కూలు బస్సును ఢీకొట్టి పదకొండేళ్ల పిల్లవాడు పోయాడు. ఇవన్నీ నిజమైన కష్టాలు, ఎన్నికల్లో మాట్లాడుకోవలసినవి. అవి వదిలేసి పిల్లుల కథ ఎత్తుకున్నారు.

ఆ కథ ఎలా పుట్టిందో మీ పత్రికలో ఎక్కడా రాలేదు కనుక చెబుతాను. పొరుగింటావిడ కూతురి స్నేహితురాలి పిల్లి పోయిందని ఒకావిడ ఫేస్‌బుక్‌లో రాసింది. అంతే. ఇంకొకావిడ తన పిల్లిని పక్కింటి హైతీవాళ్లే ఎత్తుకుపోయి ఉంటారని పోలీసులకు ఫిర్యాదు చేసింది. కొన్నాళ్లకు ఆ పిల్లి ఆవిడ సొంత ఇంటి నేలమాళిగలోనే నిక్షేపంగా దొరికింది. ఆవిడ వెళ్లి పక్కింటివాళ్లకు క్షమాపణ చెప్పుకుంది కూడా. ఊరి అధికారిని, అప్పటికి ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉన్న వాన్స్ గారి మనుషులు చర్చకు ముందే ఫోన్ చేసి అడిగితే, ఇందులో నిజం లేదని ఆయన చెప్పాడు. అయినా వాన్స్ గారు ఆ పుకారు మీద తాను పెట్టిన పోస్టు తీయలేదు సరికదా, పిల్లుల మీమ్‌లు ఆపొద్దని అభిమానులను ఉత్సాహపరిచారు. తర్వాత సీఎన్‌ఎన్‌లో నిలదీస్తే, జనం బాధలు మీడియా పట్టించుకోవడానికి కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానన్నారు. ఇదీ మీ ‘మన అల్లుడు’ గారి హుందాతనం.

ఆ తర్వాత ఊళ్లో ముప్పైకి పైగా బాంబు బెదిరింపులు. అన్నీ ఉత్తుత్తివే. కానీ స్కూళ్లు ఖాళీ చేయించారు, పిల్లలు రోజూ పోలీసుల మధ్య నుంచి తరగతికి వెళ్లారు. ట్రంప్ పార్టీకే చెందిన ఒహాయో గవర్నర్ డివైన్ గారు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే పుట్టిన మనిషి. ఆయనే ఇదంతా అబద్ధమని పత్రికలో వ్యాసం రాయాల్సి వచ్చింది. చర్చ జరిగిన రోజే ఆ చనిపోయిన పిల్లవాడి తండ్రి నగర సభలో లేచి, మా అబ్బాయి పేరు మీ రాజకీయాలకు వాడుకోవద్దని బతిమాలుకున్నాడు. మన ఛానళ్లలో ఆ తండ్రి ఒక్క నిమిషమైనా కనబడ్డాడా? ట్రంప్ మాటలతో కట్టిన పిల్లుల పాట రీమిక్స్ మాత్రం మారుమోగింది.

ఇక్కడి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పకపోవడమే మంచిది. ఆ మీమ్‌లు ఫార్వర్డ్ చేసి పగలబడి నవ్వినవాళ్లలో హెచ్-1బీ మీద వచ్చినవాళ్లే ఎక్కువ. హారిస్ గెలిస్తే వైట్‌హౌస్ నిండా కర్రీ వాసనే అని ట్రంప్ వీరాభిమాని లారా లూమర్ రాసింది ఆ వారంలోనే. చర్చకు ట్రంప్ విమానంలో వెళ్లినావిడే ఆవిడ. దాంతో కాసేపు నవ్వులు ఆగాయి.

డెమోక్రాట్లు కడిగిన ముత్యాలని నేననడం లేదు. బైడెన్ గారి వయసు సంగతి దగ్గరున్నవాళ్లకు తెలియదా? జూన్ 27న అట్లాంటా చర్చలో దేశమంతా చూసేదాకా ఆ పార్టీ పెద్దలు బుకాయించారు, చాలా పత్రికలూ సున్నితంగానే నడిపించాయి. అక్టోబర్ చివర్లో ఆయన ట్రంప్ మద్దతుదారులను చెత్త అన్నట్టు వినబడితే, వైట్‌హౌస్ ప్రెస్ ఆఫీసు రాతప్రతినే సవరించింది. ఆయన మాటలు రాసుకున్న ఉద్యోగులే అభ్యంతరం చెప్పారు. వెంటనే ట్రంప్ గారు చెత్తలారీ ఎక్కి కూర్చున్నారు, కెమెరాలన్నీ లారీ చుట్టూ చేరాయి.

అన్నట్టు, ట్రంప్ గారు ఏప్రన్ కట్టుకుని బంగాళాదుంప వేపుళ్లు వేస్తున్న మెక్‌డొనాల్డ్స్ ఫొటో మీరు నాలుగు కాలమ్‌లలో వేశారు. కింద ‘సామాన్యులతో మమేకం’ అని వ్యాఖ్య. ఆ పూట పెన్సిల్వేనియాలోని ఆ దుకాణం మామూలు జనానికి మూసేశారు సార్. కారు కిటికీ దగ్గర పొట్లం అందుకున్నవాళ్లు ముందే ఎంపిక చేసి తనిఖీ చేసి పంపినవాళ్లు. ఇంత మాట రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యానికి చోటు చాలలేదా?

ఇది 2024లో పుట్టిన జబ్బూ కాదు. 1964లో అధ్యక్షుడు జాన్సన్ ప్రచారం వాళ్లు పువ్వు రేకలు లెక్కపెట్టే పాప, వెనకాల అణుబాంబు ఉన్న ప్రకటనకు డబ్బు కట్టింది ఒక్క ప్రసారానికే. మిగతాసార్లు వార్తల్లో ఛానళ్లే ఉచితంగా చూపించాయి. 2016 మార్చిలో ఒక ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రాత్రి డెమోక్రాట్ల తరఫున పోటీపడుతున్న శాండర్స్ గారు ప్రసంగిస్తుంటే, ట్రంప్ ఇంకా రాని ఖాళీ వేదికను చూపిస్తూ కూర్చున్నాయి కేబుల్ ఛానళ్లు. ఈ ట్రంప్ హడావుడి అమెరికాకు మంచిది కాకపోవచ్చు గానీ సీబీఎస్‌కు బ్రహ్మాండంగా ఉందని ఆ టీవీ సంస్థ అధిపతి లెస్ మూన్వెస్ అప్పట్లో నోరారా అన్నాడు. ఓట్ల యంత్రాల మీద అబద్ధాలు ప్రసారం చేసినందుకు ఫాక్స్ న్యూస్ 2023లో ఆ యంత్రాలు తయారుచేసే డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు చెల్లించుకుంది. ఇదండీ మనం పాఠాలు నేర్చుకోవలసిన బడి.

ఆ మాటకొస్తే మనకు నేర్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. 2009 ఎన్నికల్లో డబ్బు పుచ్చుకుని వార్తలు వేసిన బాగోతం మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల సంఘంలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి గారే. ఆ నివేదికను పూర్తిగా బయటపెట్టడానికి కౌన్సిల్‌కే మనసొప్పలేదు. మన పత్రికలు దాని మీద ఎన్ని సంపాదకీయాలు రాశాయో మీకే తెలియాలి. ఒకప్పుడు మీ డెస్కులో ఊరి పేరు తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవారు. ఇప్పుడు ఏజెన్సీ కాపీ తెలుగు చేయడం, దానికి సినిమా శీర్షిక తగిలించడం. ఏడు రాష్ట్రాల్లో తేలిన ఎన్నికను వడ్లూరు వర్సెస్ హారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురం కబడ్డీ పోటీలా నడిపారు.

ఎవరినీ సమర్థించబోమని ‘వాషింగ్టన్ పోస్ట్’ ఎన్నికల ముంగిట ప్రకటిస్తే రెండున్నర లక్షల మందికి పైగా చందాలు రద్దు చేసుకున్నారు. మనకు ఆ రోషం లేదని మీకు ధైర్యం.

స్థలాభావం వల్ల ఈ ఉత్తరాన్ని కుదిస్తారని తెలుసు. నన్ను ఎంతైనా కత్తిరించండి. స్ప్రింగ్‌ఫీల్డ్ గురించి రాసింది మాత్రం తీయకండి. వ్యాసకర్త గారికి ఒక ప్రతి పంపండి.

– తణుకు ప్రాంత పాఠకుడు, డబ్లిన్, ఒహాయో