కంటి గాయం కేసులకు మత్తు: పీజీలకు ఒక మాట

నిన్న రాత్రి గాజువాక వెల్డర్ కేసు చూశారు కదా. ఇనుప ముక్క తగిలి కనుగుడ్డు చీలింది, పైగా కడుపు నిండా భోజనం, అంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయే భయం. చీలిన కంట్లో ఒత్తిడి పెరిగితే లోపలిది బయటికి వచ్చేస్తుంది. ప్రొపోఫాల్, థయోపెంటోన్, ఎటోమిడేట్ ఈ మూడు మత్తు మందులూ కంటి లోపలి ఒత్తిడిని తగ్గించేవే. ఎటోమిడేట్‌తో వచ్చే కండరాల అదురు మాత్రం నాకు నచ్చదు. కెటమిన్ అనే మత్తు మందు ఆ ఒత్తిడి పెంచుతుందా లేదా అన్న వాదన ఇంకా తెగలేదు. సక్సినైల్‌కోలిన్ (కండరాలు సడలించే మందు) ఆ ఒత్తిడిని కాసేపు 5–10 మి.మీ. (పాదరసం) పెంచి దిగిపోతుంది. అసలు దొంగ లారింగోస్కోపీ, అంటే శ్వాస గొట్టం వేయడానికి బ్లేడుతో గొంతు తెరిచి చూడడం! కండరాలు పూర్తిగా సడలకముందే బ్లేడు పెడితే, ఒక్క దగ్గుకే ఒత్తిడి 30–40 మి.మీ. ఎగబాకొచ్చు. చదువుకునే రోజుల్లో తొందరపడి నేనే పెట్టాను, ఆ దగ్గు ఇప్పటికీ చెవిలోనే ఉంది. అందుకే నిన్న రోక్యురోనియం (ఇదీ కండరాలు సడలించేదే) కిలోకు 1.2 మి.గ్రా. ఇచ్చి, గడియారం చూస్తూ నిమిషం ఆగాను. మాస్కు అంచు కంటికి తగలకుండా పట్టుకున్న అమ్మాయికి థాంక్స్. రేపు పొద్దున సుగమాడెక్స్ (రోక్యురోనియం ప్రభావాన్ని తీసేసే మందు) స్టాకు ఎంతుందో ఎవరైనా చూసి ఇక్కడ పెట్టండి.